సోడియం కుదిర్చిన సంబంధాలు

పన్నెండో తరగతి చదివే పిల్లలున్న ఇళ్ళలో ఏటా వినిపించే ఫిర్యాదు ఒకటుంది. "కర్బన రసాయన శాస్త్రంలో అన్నీ పేర్లే! ఏ పేరుకి ఏ చర్యో ఎంత చదివినా గుర్తుండదు" అని. హోసూరైనా, బళ్ళారైనా, బరంపురమైనా, షోలాపూరైనా, యానామైనా ఈ బాధలో తేడా లేదు. పాఠం తమిళంలో చెప్పినా, కన్నడంలో చెప్పినా, ఒడియాలో చెప్పినా, ఇంగ్లీషులో చెప్పినా ఆ పేర్లు మాత్రం మారవు. అందుకని ఈసారి మన శీర్షికలో, పిల్లల్ని బాగా తికమక పెట్టే మూడు పేర్ల సంగతి చెప్పుకుందాం. ఉర్ట్జ్ చర్య, ఫిట్టిగ్ చర్య, ఉర్ట్జ్–ఫిట్టిగ్ చర్య. పెద్దలూ చదవండి. ఇందులో రసాయనంతో పాటు రెండు దేశాల తగాదా, ఒక సరిహద్దు ఊరి కథ, చివరికి మన బెంగుళూరు దాకా వచ్చిన గురుశిష్య పరంపర కూడా ఉన్నాయి.

ముందు చర్య ఏమిటో చూద్దాం. కర్బనం, ఉదజని కలిసిన ఒక చిన్న గుంపుకి క్లోరిన్, బ్రోమిన్, అయొడిన్‌లలో ఏదో ఒకటి తగిలించి ఉందనుకోండి. దాన్నే ఆల్కైల్ హాలైడ్ అంటారు. అలాంటి అణువులు రెండింటిని సోడియం లోహంతో కలిపితే, సోడియం ఆ రెండింటి దగ్గరున్న హాలోజన్‌ని లాక్కుంటుంది. ఒంటరిగా మిగిలిన రెండు గుంపులూ ఒకదాన్నొకటి పట్టుకుంటాయి. మన పెళ్ళిళ్ళ పేరయ్య ఉన్నాడే, సోడియం అచ్చం అలాంటిది. ఇరుపక్షాల దగ్గరా తన సంభావన తాను పుచ్చుకుంటుంది, సంబంధం కుదిర్చేసి తాను మాత్రం ఉప్పుగా మారి పక్కకు తప్పుకుంటుంది. రెండు ఈథైల్ అయొడైడ్ అణువులు, రెండు సోడియం పరమాణువులు కలిస్తే ఒక బ్యూటేన్ అణువు, రెండు సోడియం అయొడైడ్‌లు వస్తాయి. రెండు కర్బనాల గుంపు, మరో రెండు కర్బనాల గుంపుతో కలిసి నాలుగు కర్బనాల గొలుసయింది. ఒకే రకం హాలైడ్‌ని వాడితే వచ్చే గొలుసులో కర్బనాల సంఖ్య ఎప్పుడూ సరి సంఖ్యే ఎందుకవుతుందో ఇప్పుడు వేరే బట్టీ పట్టనక్కరలేదు. దేన్నయినా రెండుతో గుణిస్తే సరి సంఖ్యేగా! ఒక్క కర్బనమే ఉన్న మీథేన్‌ని ఈ దారిలో తయారు చేయలేమన్న సంగతీ అందులోంచే తేలుతుంది.

ఈ పని సోడియమే ఎందుకు చేస్తుంది? సోడియం పరమాణువుకి చిట్టచివరి కక్ష్యలో ఒకే ఒక ఎలక్ట్రాన్ ఉంటుంది. దాన్ని వదిలించుకోవాలని ఎప్పుడూ ఉబలాటమే. ఆ ఎలక్ట్రాన్ హాలైడ్‌కి చేరగానే హాలోజన్ అయానుగా విడిపోతుంది. మిగిలిన గుంపు స్వేచ్ఛా ప్రాతిపదికగా మిగులుతుంది. అలాంటివి రెండు నేరుగా కలవవచ్చు. లేదా ఒకటి ఇంకో సోడియం నుంచి మరో ఎలక్ట్రాన్ తీసుకుని, సోడియంతో జతకట్టి, రెండో హాలైడ్ మీద పడి హాలోజన్‌ని తోసేసి దాని స్థానంలో కూర్చోవచ్చు. పుస్తకాల్లో రెండు దారులూ కనిపిస్తాయి. పరీక్షలో ఏది అడిగినా, మొదటి అడుగు సోడియం ఎలక్ట్రాన్ ఇవ్వడమే అన్నది గుర్తుంటే తక్కినది రాసుకుంటూ పోవచ్చు.

చర్యను పొడి ఈథర్‌లో చేయాలని పుస్తకం నొక్కి చెబుతుంది. కారణం, నీటిచుక్క కనిపిస్తే సోడియం హాలైడ్‌ని పట్టించుకోదు. నీటితోనే పని పెట్టుకుని ఉదజని వాయువుని, బోలెడు వేడిని పుట్టిస్తుంది. ఈథర్ ఎంత తేలిగ్గా అంటుకుంటుందో తెలిసిందే. కనుక "పొడి" అన్న ఆ ఒక్క మాటలో చర్య జరగడమూ ఉంది, ప్రాణం నిలవడమూ ఉంది.

ఇక మూడు పేర్లు. ఇరుపక్షాలూ ఆల్కైల్ హాలైడ్‌లే అయితే ఉర్ట్జ్ చర్య. ఇరుపక్షాలూ బెంజీన్ వలయానికి హాలోజన్ తగిలిన ఎరైల్ హాలైడ్‌లే అయితే ఫిట్టిగ్ చర్య. ఒకటి అటు, ఒకటి ఇటు అయితే రెండు పేర్లూ కలిపి ఉర్ట్జ్–ఫిట్టిగ్ చర్య. ఇంతే. అయితే ఈ పేర్ల వెనక మనుషులున్నారు. వాళ్ళ సంగతి తెలిస్తే పేర్లు వాటంతటవే గుర్తుంటాయి.

షార్ల్ అడాల్ఫ్ ఉర్ట్జ్ 1817లో స్ట్రాస్‌బర్గ్ పక్కనున్న వోల్ఫిస్‌హైమ్ అనే పల్లెలో పుట్టాడు. తండ్రి లూథరన్ చర్చి పాదిరీ. ఊరు ఫ్రాన్సుది, పేరు మాత్రం జర్మన్ పేరు. ఆల్సాస్ అనే ఆ సరిహద్దు సీమలో ఇళ్ళల్లో మాట్లాడేది జర్మన్ యాస, రాజ్యం నడిచేది ఫ్రెంచిలో. ఉర్ట్జ్ స్ట్రాస్‌బర్గ్‌లో వైద్యం చదివి, 1842లో జర్మనీ వెళ్ళి గీసెన్‌లో లీబిగ్ దగ్గర రసాయనం నేర్చుకుని, ఆ తర్వాత పారిస్ చేరాడు. రెండు భాషలూ వచ్చినవాడు గనుక 1852 నుంచి ఇరవై ఏళ్ళపాటు, ఫ్రాన్సు వెలుపల జరిగే రసాయన పరిశోధనల సారాంశాలను పారిస్‌లోని ఒక ప్రసిద్ధ రసాయన పత్రికకి రాసి ఇచ్చాడు. బయటి సంగతులు ఫ్రెంచివాళ్ళకి చేరడంలో ఆ సరిహద్దు మనిషి చెయ్యి చాలా ఉంది.

ఆయన 1855లో సోడియం చర్యను ప్రకటించాడు. కావలసిన హైడ్రోకార్బన్ తయారు చేసుకోవడానికి ఒక పద్ధతి దొరికిందన్నది అందులో ఒక సంగతి మాత్రమే. అప్పట్లో రసాయన శాస్త్రజ్ఞులను వేధిస్తున్న పెద్ద ప్రశ్న ఒకటుంది. 1849లో ఇంగ్లండుకి చెందిన ఫ్రాంక్‌లండ్ ఈథైల్ అయొడైడ్‌ని జింకుతో వేడి చేసి ఒక వాయువుని రాబట్టాడు. తాను ఈథైల్ అనే గుంపునే విడిగా పట్టుకున్నానని అనుకున్నాడు. అది నిజంగా ఒంటరి ఈథైలా, లేక రెండు ఈథైల్‌లు కలిసిన జంటా? విశ్లేషణ చేసి చూస్తే తేలదు. ఒంటరి ఈథైల్‌లో రెండు కర్బనాలు, ఐదు ఉదజనులు. జంటలో నాలుగు కర్బనాలు, పది ఉదజనులు. నిష్పత్తి ఒకటే. రెంటిలోనూ కర్బనం బరువులో నూటికి 82.8 పాళ్ళే. ఆవిరి సాంద్రత కొలిచి చెప్పవచ్చునా అంటే, ఒక అణువు ఎంత చోటు ఆక్రమిస్తుందన్న దానిమీదే ఆ రోజుల్లో పండితులకి ఏకాభిప్రాయం లేదు.

ఉర్ట్జ్ ఏం చేశాడో చూడండి. ఒకే హాలైడ్ కాకుండా రెండు వేర్వేరు అయొడైడ్‌లను కలిపి, ఆ మిశ్రమంలో సోడియం వేశాడు. ఉదాహరణకి ఈథైల్, బ్యూటైల్ అయొడైడ్‌లు. గుంపులు ఒంటరిగానే ఉండిపోయేవైతే చివరికి రెండే పదార్థాలు దొరకాలి. కానీ మూడోది కూడా వచ్చింది. ఈథైల్‌ ఒకవైపు, బ్యూటైల్‌ ఒకవైపు ఉన్న ఆరు కర్బనాల పదార్థం. అంటే ఈ గుంపులు ఒంటరిగా నిలవడం లేదు, జంటలుగానే బయటపడుతున్నాయి. వేర్వేరువి కలిసి జంట కడుతున్నప్పుడు ఒకేరకంవి కూడా జంటలుగానే ఉండాలి కదా! కనుక ఫ్రాంక్‌లండ్ వాయువు ఒంటరి ఈథైల్ కాదు, నాలుగు కర్బనాల బ్యూటేన్. తూకానికి తేలని సంగతిని సంబంధం కలిపి తేల్చాడు. అణువుల సూత్రాలను సరిగా రాయాలని పోరాడుతున్నవాళ్ళకి ఇది గట్టి సాక్ష్యమయింది. 1860లో జర్మనీలోని కార్ల్‌స్రూహెలో దేశదేశాల రసాయన శాస్త్రజ్ఞులు సమావేశమై పరమాణు భారాల గందరగోళాన్ని చర్చించారు. ఆ సభ ఏర్పాటు చేసినవాళ్ళలో కెకులే, వెల్ట్‌జీన్‌లతో పాటు ఉర్ట్జ్ కూడా ఒకడు.

ఇప్పుడు మన పిల్లల పుస్తకం తెరవండి. "రెండు వేర్వేరు ఆల్కైల్ హాలైడ్‌లు వాడితే మిశ్రమం వస్తుంది, కనుక ఈ పద్ధతి పనికిరాదు" అనే అర్థం వచ్చే వాక్యం ఒకటి అందులో ఉంటుంది. ఆ మాట నిజమే. మిథైల్, ఈథైల్ అయొడైడ్‌లు కలిపితే ఈథేన్, ప్రొపేన్, బ్యూటేన్ మూడూ వస్తాయి. మన పేరయ్యకి ఎవరిని ఎవరికి ఇవ్వాలన్న పట్టింపు లేదు మరి. ఇద్దరూ సమానంగా చురుకైనవాళ్ళయితే, లెక్క ప్రకారం మనకు కావలసిన మిశ్రమ జంట సగానికి మించి రాదు. వచ్చిన మూడూ ఒకే కుటుంబం బిడ్డలు, స్వభావాల్లో దగ్గర. విడదీయడం శ్రమ. కానీ పుస్తకం దోషమని చెప్పే ఆ మిశ్రమమే, కనుక్కున్నవాడికి నిజం చెప్పిన సాక్షి. ఈ ఒక్క సంగతి తెలిస్తే ఆ వాక్యాన్ని ఏ పిల్లా పిల్లవాడూ మరిచిపోరు. ఇంకో లోపం కూడా ఉంది. ప్రాతిపదికలు కలిసినప్పుడు ఒకటి తన ఉదజనిని రెండోదానికి ఇచ్చేయడం కద్దు. అప్పుడు జంట కట్టడానికి బదులు ఒక ఆల్కీన్, ఒక ఆల్కేన్ మిగులుతాయి. తృతీయ హాలైడ్‌లలోనైతే ఆల్కీన్‌దే పైచేయి.

ఫిట్టిగ్ దగ్గరికి వద్దాం. రుడోల్ఫ్ ఫిట్టిగ్ 1835లో హాంబర్గ్‌లో పుట్టిన జర్మన్. గోటింగెన్‌లో చదివి అక్కడే పనిచేశాడు. బ్రోమోబెంజీన్‌ని సోడియంతో కలిపి, రెండు బెంజీన్ వలయాలు చేతులు పట్టుకున్న బైఫినైల్‌ని 1862లో తయారు చేశాడు. 1864లో బెర్న్‌హార్డ్ టోలెన్స్ అనే యువకుడితో కలిసి ఇంకో అడుగు వేశాడు. బ్రోమోబెంజీన్‌నీ ఆల్కైల్ హాలైడ్‌నీ కలిపి సోడియం వేస్తే, బెంజీన్ వలయానికి తోక తగిలింది. మిథైల్ అయొడైడ్ వేస్తే టోలీన్ వస్తుంది.

ఇక్కడ పిల్లలు అడగవలసిన ప్రశ్న ఒకటుంది. వేర్వేరు హాలైడ్‌లు కలిపితే మిశ్రమం వస్తుందన్నారు కదా, మరి ఉర్ట్జ్–ఫిట్టిగ్ చర్య మాత్రం ఎలా పనికొచ్చింది? ఇక్కడా మూడూ వస్తాయి. కానీ ఈసారి మూడూ వేర్వేరు కుటుంబాలవి. బ్రోమోబెంజీన్, బ్యూటైల్ బ్రోమైడ్ తీసుకుందాం. వచ్చేవి ఆక్టేన్, బ్యూటైల్ బెంజీన్, బైఫినైల్. ఆక్టేన్ 126 డిగ్రీల సెంటిగ్రేడు దగ్గర మరుగుతుంది. బ్యూటైల్ బెంజీన్ 183 దగ్గర, బైఫినైల్ 255 దగ్గర. పైగా బైఫినైల్ చల్లబడితే గడ్డకట్టే పదార్థం. మధ్యలో అంతంత ఎడం ఉంటే స్వేదనంతో హాయిగా విడదీయవచ్చు. టోలీన్ విషయంలో మరీ సులువు. ఈథేన్ వాయువు గనుక తనే ఎగిరిపోతుంది.

ఈ టోలెన్స్ పేరు పిల్లలకి మరోచోట తెలుసు. ఆల్డిహైడ్‌ని గుర్తుపట్టడానికి పరీక్షనాళికలో వెండి అద్దం తెప్పించే టోలెన్స్ కారకం ఆయనదే. ఫిట్టిగ్‌తో పనిచేసిన ఈ జర్మన్ యువకుడు కొంతకాలానికి పారిస్ వెళ్ళి ఉర్ట్జ్ దగ్గరే పనిచేశాడు. చర్య పేరులో ఉర్ట్జ్‌కీ ఫిట్టిగ్‌కీ మధ్య ఒక చిన్న గీత ఉంది చూశారూ, ఆ గీత మీద నడిచి వెళ్ళిన మనిషి అన్నమాట.

అయితే ఆ గీత అంత సాఫీగా ఏమీ లేదు. 1869లో మొదలైన తన రసాయన నిఘంటువు పీఠికలో ఉర్ట్జ్, రసాయన శాస్త్రం ఫ్రెంచివారి సొత్తని, దానికి పునాది వేసింది లవాజియే అని రాశాడు. జర్మన్ పండితులు భగ్గుమన్నారు. మరుసటి ఏడే రెండు దేశాలకీ యుద్ధం వచ్చింది. ఫ్రాన్సు ఓడిపోయి 1871లో ఆల్సాస్‌ని జర్మనీకి అప్పగించింది. ఉర్ట్జ్ పుట్టిన పల్లె, చదివిన ఊరు పరాయి దేశమైపోయాయి. జర్మన్లు స్ట్రాస్‌బర్గ్‌లో కొత్తగా విశ్వవిద్యాలయాన్ని నెలకొల్పారు. 1876లో అక్కడికి రసాయనాచార్యుడిగా వచ్చింది ఎవరనుకుంటున్నారు? ఫిట్టిగ్! 1902 దాకా అక్కడే పాఠాలు చెప్పి, 1910లో అక్కడే కన్నుమూశాడు. ఉర్ట్జ్ 1884లో పారిస్‌లో పోయాడు. ఆ తర్వాత ఆల్సాస్ మరి మూడుసార్లు చేతులు మారి చివరికి ఫ్రాన్సులోనే నిలిచింది. దేశాలు గీసుకున్న గీతలు అన్నిసార్లు చెరిగాయి. చర్య పేరులోని గీత మాత్రం చెరగలేదు.

గీతలు మారితే ఇంట్లో మాట ఒకటి, బడిలో మాట మరొకటి అయ్యే బ్రతుకు ఏమిటో మనకి వేరే చెప్పనక్కరలేదు. 1956లో రాష్ట్రాల సరిహద్దులు గీసినప్పుడు గీతకి అవతల మిగిలినవాళ్ళం కొందరం. అంతకు ఎన్నో తరాల ముందే వచ్చి స్థిరపడ్డవాళ్ళం కొందరం. ఫ్రెంచి పాలన చూసిన యానాం వారు కొందరు. రెండు భాషలు తెలిసినవాడు రెండు చోట్లా పరాయివాడు అవుతాడన్నది ఒక బెంగ. ఉర్ట్జ్ బ్రతుకు చూస్తే ఇంకో వైపు కూడా కనిపిస్తుంది. ఒక భాషలో నేర్చింది ఇంకో భాష వాళ్ళకి అందించగలిగేది అలాంటివాడే. అయితే అలాంటివాడు కూడా, విద్య మా దేశానిదే అని ఒక్కసారి అనేసరికి ఎంత రగడ అయిందో కూడా మన పిల్లలకి చెప్పాలి. మన భాష మీద ప్రేమ ఉండటం వేరు, తక్కినవాళ్ళ పాలు లేదనడం వేరు.

బెంగుళూరు పాఠకులకి ఒక ముచ్చట. ఫిట్టిగ్ స్ట్రాస్‌బర్గ్‌కి రాకముందు ట్యూబింగెన్‌లో ఉండగా, గ్లాస్గో నుంచి వచ్చిన విలియం రామ్సే అనే కుర్రవాడు ఆయన దగ్గర 1872లో డాక్టరేటు పట్టా పుచ్చుకున్నాడు. గాలిలోని జడవాయువులను కనుక్కుని 1904లో నోబెల్ బహుమతి అందుకున్నది ఈ రామ్సేయే. జంషెడ్జీ టాటా మన దేశంలో ఒక విజ్ఞాన సంస్థ పెట్టాలనుకున్నప్పుడు, ఎక్కడ పెడితే బాగుంటుందో చూడమని పిలిపించింది కూడా ఆయన్నే. 1900–01 చలికాలంలో దేశమంతా తిరిగి బెంగుళూరు అనువైన చోటని చెప్పాడు. మైసూరు సంస్థానం 371 ఎకరాల నేల ఇచ్చింది. 1909లో సంస్థ ఏర్పడింది. దాని మొదటి డైరెక్టరు ట్రావర్స్ కూడా రామ్సే శిష్యుడే. మల్లేశ్వరం పక్కగా ఆ చెట్ల మధ్య నుంచి వెళ్ళేటప్పుడు పిల్లలకి ఈ పరంపర చెప్పండి.

ఈ చర్యలు పుస్తకంలోనే ఉన్నాయా, లోకంలో ఏమైనా పనికొచ్చాయా అంటారేమో. ఆల్కేన్‌లు కావాలంటే పెట్రోలియం ఉండనే ఉంది గనుక దానికోసం ఎవరూ సోడియం ఖర్చు పెట్టరు. కానీ కర్బనం స్థానంలో సిలికాన్ ఉన్న క్లోరైడ్‌లను సోడియంతో కలిపితే సిలికాన్ పరమాణువులు గొలుసు కడతాయి. ఆ గొలుసుల నుంచి జపాన్ శాస్త్రజ్ఞుడు యజిమా 1975లో సిలికాన్ కార్బైడ్ నారలు తీశాడు. గొప్ప వేడిని ఓర్చుకునే నారలవి. దీనికి పినతల్లి కూతురులాంటి ఇంకో చర్య మాత్రం చేటు తెచ్చింది. సోడియం, సీసం కలిపిన మిశ్రమలోహం మీదికి ఈథైల్ క్లోరైడ్ పంపితే, ఈథైల్ గుంపులు ఒకదానితో ఒకటి కలవకుండా నాలుగేసి చొప్పున సీసాన్ని పట్టుకుంటాయి. పెట్రోలులో కలిపే టెట్రాఈథైల్ లెడ్ అదే. ఇంజన్ల మోత తగ్గింది గానీ, పొగలో సీసం పసిపిల్లల మెదడుకి చేటు చేసింది. మన దేశంలో సీసం పెట్రోలు అమ్మకం 2000లో ఆగిపోయింది. ప్రపంచంలో చిట్టచివరగా 2021లో అల్జీరియాలో ఆగింది. సంబంధం కుదర్చడం ఒక్కటే చాలదు, ఆ సంబంధం ఎవరి నెత్తిన పడుతుందో కూడా చూడాలి.

చివరగా తల్లిదండ్రులకి ముఖ్యమైన మాట. కళాశాల ప్రయోగశాలలో లాసైన్ పరీక్ష కోసం పిల్లల చేతికి కందిగింజంత సోడియం ముక్క వస్తుంది. మెత్తగా కత్తికి తెగే ఆ వెండిరంగు లోహం చూస్తే ఎవరికైనా ఆట అనిపిస్తుంది. ఇంటికి తెచ్చి బక్కెట్లో వేసి చూద్దామని ఏ పిల్లవాడికైనా బుద్ధి పుట్టవచ్చు. అలాంటి ఆటలో కళ్ళు పోతాయి. ఈ కింది సంగతులు పిల్లలకి చదివి వినిపించండి.

సోడియాన్ని కిరసనాయిలులోగాని ద్రవ పారఫిన్‌లోగాని ఉంచాలి. తడి చేత్తో ముట్టకూడదు. మిగిలిన ముక్కల్ని తొట్టిలోనో చెత్తబుట్టలోనో వేయకూడదు. అధ్యాపకుడికే ఇవ్వాలి, ఆయన ఆల్కహాలులో కొంచెం కొంచెంగా కరిగించి చంపుతారు. సోడియం అంటుకుంటే నీళ్ళు పోయకూడదు, పొడి ఇసుక కప్పాలి. అన్నిటికంటే ముఖ్యం, క్లోరోఫారంలోగాని కార్బన్ టెట్రాక్లోరైడ్‌లోగాని సోడియం వేయకూడదు. అవి కూడా హాలైడ్‌లే, పైగా ఒక్కొక్క అణువులో మూడేసి, నాలుగేసి క్లోరిన్‌లు. ఈథర్‌లో నెమ్మదిగా జరిగిన పని అక్కడ పేలుడుగా జరుగుతుంది. చూశారా, చర్య ఎందుకు జరుగుతుందో తెలిసినవాడికి ఈ హెచ్చరిక ఎవరూ చెప్పనక్కరలేదు. పేరు మాత్రం బట్టీ పట్టినవాడికి మార్కులు వస్తాయేమో గాని, రక్షణ రాదు.

పేర్లు పరాయివైనా, కారణాన్ని ఇంట్లో మన మాటల్లో పిల్లలచేత చెప్పించండి. తెలుగులో చెప్పగలిగితే వాళ్ళకి అర్థమైనట్టే. పరీక్షలో ఏ భాషలో అడిగినా రాసేస్తారు.

సోడియం చేతిలో కుదరని వేర్వేరు సంబంధాలను మెగ్నీషియంతో నేర్పుగా కుదిర్చినవాడు విక్టర్ గ్రిన్యార్. 1900లో ఆయన చేసిన పనికి 1912లో నోబెల్ బహుమతి వచ్చింది. దారి చూపిన గురువు బార్బియే పేరు మాత్రం పాఠ్యపుస్తకాల్లో చాలామందికి కనిపించదు. ఆ గురుశిష్యుల కథ వచ్చే సంచికలో చెప్పుకుందాం.